దవాఖానకు ఎంతసేపు? గ్రామీణతను కొలిచే లెక్కలు

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా జనంలో సుమారు 28 శాతం పట్టణవాసులు. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో వాళ్లు సుమారు 25 శాతమే. ఈ రెండంకెలే చేతికిచ్చి, రెండింట్లో ఎక్కువ పల్లె ప్రాంతం ఏదని అడిగితే కరీంనగరే అని చెప్పాల్సి వస్తుంది. ఉత్తర తెలంగాణలో తిరిగినవాళ్లు ఎవరూ ఆ జవాబు ఒప్పుకోరు. ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కి, జైనూరు మీదుగా ఉట్నూరు వెళ్లినవాళ్లయితే అసలే ఒప్పుకోరు.

లెక్క మాత్రం సరైనదే. గోదావరికి ఉత్తరాన మంచిర్యాల, నస్పూర్, మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి గనుల చుట్టూ పెరిగిన ఊళ్లు. వాటికి పైన కాగజ్‌నగర్ పేపరు మిల్లు ఊరు. ఇవన్నీ కాజీపేట–బల్లార్షా రైలు మార్గం వెంట సాగే ఒక సన్నని పట్టీ. జిల్లా పట్టణ జనాభాలో పెద్ద వాటా ఈ పట్టీదే. దానికి పడమర తిర్యాణి, కెరమెరి, జైనూరు, నార్నూరు గుట్టల్లో గోండు, కొలాం గూడేలు చెదురుమదురుగా ఉంటాయి. జిల్లా సగటు ఈ రెండు లోకాలనూ ఒక్క అంకెలో కలిపేసింది. కరీంనగర్ వైపు శ్రీరాంసాగర్ కాలువ కింద పెద్ద పెద్ద ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. తారురోడ్డు ఉంటుంది, ఆటో దొరుకుతుంది, పట్టణానికి పోతే ప్రైవేటు ఆస్పత్రులు వరసగా కనబడతాయి. కాగితం మీద ఆ ఊళ్లన్నీ గ్రామాలే.

ఆరోగ్య పరిశోధనలో ఈ తికమకకు పెద్ద మూల్యమే చెల్లించాల్సి వస్తుంది. గర్భిణులకు పరీక్షలు సరిగ్గా జరుగుతున్నాయా, పాముకాటుకు గురైనవాళ్లకు ఎంతసేపటికి మందు అందుతోంది, క్షయ రోగులు చికిత్స మధ్యలో ఎందుకు మానేస్తున్నారు వంటి ప్రతి ప్రశ్నలోనూ పరిశోధకులు ఒక గడి పెట్టుకుంటారు: గ్రామమా, పట్టణమా? గ్రామమైతే 1, పట్టణమైతే 0. కరీంనగర్ పక్కన అరగంటలో స్పెషలిస్టు దగ్గరికి చేరే ఊరికీ, గుట్ట మీది కొలాం గూడానికీ ఆ గడిలో ఒకే అంకె పడుతుంది. తర్వాత వచ్చే ఫలితం ఈ రెండింటిలో ఏ ఒక్కదాని గురించీ నిజం చెప్పదు. జ్వరాన్ని ఉందా లేదా అని రాసి ఊరుకోకుండా ఎన్ని డిగ్రీలో చూసినట్టు, గ్రామీణతనూ ఎంత ఉందో చూడాలి. అలా చూసే పద్ధతులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. మన నేలకు ఏది సరిపోతుందన్నదే తేల్చుకోవాలి.

ఊరో పట్టణమో తేల్చేది ఎవరు?

మన దేశంలో పట్టణం అనిపించుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది చట్టం. మునిసిపాలిటీ, కార్పొరేషన్, కంటోన్మెంటు వంటి హోదా ఉంటే అది పట్టణమే. రెండోది జనగణన శాఖ పెట్టే మూడు పరీక్షలు: జనాభా కనీసం 5,000 ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, ప్రధానంగా పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి. మూడూ దాటితే అది జనగణన పట్టణం. ఈ రెండు దారుల్లోనూ రానిదంతా గ్రామం. అంటే గ్రామానికంటూ నిర్వచనం లేదు. పట్టణాలను ఏరగా మిగిలిన భూమి అంతా గ్రామమే.

మూడో పరీక్షలో మగవాళ్లనే లెక్కపెడతారని గమనించండి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాల్లో ఎన్నో ఊళ్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతారు. ఆ ఊళ్ల నుంచే మగవాళ్లు వేల సంఖ్యలో దుబాయికో మస్కట్‌కో పోతారు. ఊళ్లో మిగిలిన మగవాళ్లలో వ్యవసాయం చేసేవాళ్లు ఎందరో చూసి ఊరి స్వభావం తేలుస్తారు. రోజంతా తంబాకు దుమ్ము పీల్చే స్త్రీల పని ఆ పరీక్షలో లెక్కకే రాదు. ఆరోగ్యం గురించి అడిగేవాళ్లకు ఆ ఊరి గురించి తెలియాల్సిన మొదటి సంగతే అది.

మొదటి దారిలో ఇంకో చిక్కుంది. 2018లో తెలంగాణలో చాలా ఊళ్లు మునిసిపాలిటీలయ్యాయి. కరీంనగర్ చుట్టుపక్కల చొప్పదండి, కొత్తపల్లి అలా మారినవే. హోదా మారిన రోజున అక్కడి రైతు రైతుగానే ఉన్నాడు, దవాఖాన ఒక్క అడుగు కూడా దగ్గరికి జరగలేదు. సర్వేల్లో మాత్రం వాళ్లు గ్రామం గడిలోంచి పట్టణం గడిలోకి వెళ్లిపోతారు. రోడ్డు, బడి, ఆస్పత్రి కాస్త దగ్గరగా ఉన్న ఊళ్లే సాధారణంగా ముందు పట్టణాలవుతాయి. అవి వెళ్లిపోతే మిగిలిన గ్రామాల సగటు పడిపోతుంది. పట్టణాల గడిలోకి కొత్తగా వచ్చినవి పాత పట్టణాల కన్నా వెనకబడి ఉంటాయి కాబట్టి ఆ సగటూ పడిపోతుంది. ఒక్క మనిషి ఆరోగ్యం కూడా చెడకుండానే రెండు చోట్లా పరిస్థితి దిగజారినట్టు కాగితం మీద కనిపిస్తుంది. పదేళ్ల కిందటి గ్రామీణ అంకెను ఇవాళ్టి గ్రామీణ అంకెతో పోల్చే ప్రతి పరిశోధకుడూ ముందు ఈ సర్దుబాటు చేసుకోవాలి.

సాంద్రత చెప్పే కథ

గ్రామీణతకు జనసాంద్రతను కొలతగా తీసుకుంటే చిత్రం చాలావరకు తేటపడుతుంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. ఉమ్మడి ఆదిలాబాద్ ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా విడిపోయింది. ఉమ్మడి కరీంనగర్‌లోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల కొత్త జిల్లాలయ్యాయి, కొన్ని మండలాలు పక్క జిల్లాలకు పోయాయి. 2011 జనాభాను ఈ కొత్త హద్దులకు సర్దితే చదరపు కిలోమీటరుకు కరీంనగర్ జిల్లాలో సుమారు 473 మంది, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 106 మంది తేలారు. నాలుగున్నర రెట్ల తేడా.

ఈ తేడా ఒక ఏఎన్‌ఎం రోజువారీ పనిలో ఎలా కనిపిస్తుందో లెక్కకట్టి చూద్దాం. ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. గుట్టలు, గిరిజన ప్రాంతాల్లో ఈ అంకెలను 3,000కు, 20,000కు తగ్గించారు. దూరాన్ని గుర్తించి ఇచ్చిన సడలింపు ఇది. అది ఎంతవరకు సరిపోయింది? కరీంనగర్ సాంద్రతలో 30,000 మంది సుమారు 63 చదరపు కిలోమీటర్లలో ఉంటారు. ఆసిఫాబాద్ సాంద్రతలో 20,000 మందే సుమారు 189 చదరపు కిలోమీటర్లలో ఉంటారు. సడలింపు ఇచ్చాక కూడా ఒక్కో ఆరోగ్య కేంద్రం మోసే నేల మూడు రెట్లు ఎక్కువ. కేంద్రం సరిగ్గా నడిమధ్యన ఉందనుకున్నా, అంచున ఉన్నవాళ్లకు కరీంనగర్‌లో నాలుగున్నర కిలోమీటర్లు, ఆసిఫాబాద్‌లో దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. ఇది గీత గీసినట్టు నేరుగా పోయే దూరం. ఘాట్ రోడ్డులో దూరం అంత నేరుగా ఉండదు.

ఉపకేంద్రానికీ ఇదే లెక్క. కరీంనగర్‌లో పది, పదకొండు చదరపు కిలోమీటర్లు తిరిగే ఏఎన్‌ఎం పని ఆసిఫాబాద్‌లో ఇరవై ఎనిమిది చదరపు కిలోమీటర్ల పని అవుతుంది. పైగా ఈ సగటులో కాగజ్‌నగర్ పట్టణం కూడా కలిసి ఉంది. దాన్ని తీసేస్తే గుట్టల మీద పరిస్థితి ఇంకా పలచన. టీకాల శాతం, గర్భిణుల నమోదు శాతం చూసి ఇద్దరు ఏఎన్‌ఎంల పనితీరును పోల్చేవాళ్లు ముందు ఈ చదరపు కిలోమీటర్లు చూడాలి.

అయితే సాంద్రత ఒక్కటే చాలదు. పలచగా జనం ఉన్న చోటంతా వైద్యానికి దూరం కానక్కర్లేదు. జాతీయ రహదారి 44 పక్కనున్న చిన్న ఊరికి అంబులెన్సు చప్పున వస్తుంది. వాగు అవతల ఉన్న పెద్ద ఊరికి రాకపోవచ్చు.

లోకం ఎలా కొలిచింది?

దూరం పెరిగేకొద్దీ వైద్యం వాడకం తగ్గుతుందని అంకెలతో మొదట చూపినవాళ్లలో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ జార్విస్ ఒకరు. మానసిక వైద్యశాలకు ఏ ఊరి నుంచి ఎందరు వస్తున్నారో లెక్కించి 1850లో ఆయన ఈ సంగతి రాశారు. దగ్గరి ఊళ్ల నుంచి ఎక్కువమంది, దూరపు ఊళ్ల నుంచి తక్కువమంది వచ్చారు. దూరపు ఊళ్లలో జబ్బు తక్కువ అని దానర్థం కాదు. ఆస్పత్రి రికార్డుల మీద ఆధారపడే ప్రతి పరిశోధనకూ ఈ హెచ్చరిక నేటికీ వర్తిస్తుంది. ఆదిలాబాద్‌లోని ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రి రిమ్స్ రిజిస్టరులో ఒక గూడెం పేరు కనబడకపోతే, ఆ గూడెంలో జబ్బు లేదని అనుకోవడానికి వీల్లేదు.

అమెరికా వ్యవసాయ శాఖ 1970లలో కౌంటీలను గ్రామీణ–పట్టణ వరసలో పెట్టింది. అందులో ముఖ్యుడైన కాల్విన్ బీల్ పేరు మీద వాటిని బీల్ కోడ్‌లు అంటారు. 1 నుంచి 9 దాకా అంకెలు. అవును–కాదు గడి పోయి మెట్లు వచ్చాయి. కానీ కౌంటీ చాలా పెద్దది. ఉమ్మడి ఆదిలాబాద్‌కు వచ్చిన చిక్కే దానికీ ఉంది. దాంతో జనం రోజూ పనికి ఎక్కడికి పోతారన్న సమాచారం ఆధారంగా చిన్న చిన్న ప్రాంతాలకు వేరే కోడ్‌లు తయారుచేశారు.

ఆస్ట్రేలియా 1999లో వేరే దారి పట్టింది. ఊరి జనాభాను పక్కనబెట్టి దూరాన్నే కొలిచింది. అక్కడి దూరత్వ సూచిక పనిచేసే తీరు సులభంగా అర్థమవుతుంది. సేవలందించే పట్టణాలను జనాభాను బట్టి నాలుగు తరగతులు చేశారు. ప్రతి ఊరి నుంచి ఒక్కో తరగతిలో దగ్గరి పట్టణానికి రోడ్డు దూరం తీసుకుని, దాన్ని దేశ సగటు దూరంతో భాగించారు. ఫలితం 3 దాటితే 3 దగ్గరే ఆపేశారు. నాలుగు అంకెలూ కూడితే 0 నుంచి 12 దాకా వస్తుంది. అంకె పెరిగేకొద్దీ ఊరు మారుమూల కిందకు వస్తుంది. 2015 నుంచి అక్కడి ఆరోగ్య శాఖ వాడుతున్న ఏడు మెట్ల మోనాష్ నమూనా ఈ దూరానికి ఊరి జనాభాను కూడా జతచేసింది. ఏ ఊరికి వెళ్లే డాక్టరుకు ఎంత ప్రోత్సాహకం ఇవ్వాలో ఆ మెట్టే చెబుతుంది.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2000లో వచ్చిన సూచిక నుంచి మనం రెండు పాఠాలు నేర్చుకోవచ్చు. మొదటి రూపంలో చాలా అంశాలు ఉండేవి: ఊళ్లో డాక్టర్లు ఎందరు, ఆస్పత్రి ఉందా, అంబులెన్సు ఉందా, ఆఖరికి వాతావరణం ఎలా ఉంటుంది అన్నది కూడా. అయితే డాక్టర్ల సంఖ్యను సూచికలోనే కలిపేస్తే, ఒక డాక్టరు ఊరు విడిచిపోగానే ఆ ఊరి గ్రామీణత పెరిగిపోతుంది. గ్రామీణ ప్రాంతాల్లో డాక్టర్లు ఎందుకు తక్కువని అదే సూచికతో అడిగితే ప్రశ్నలోనే జవాబు దాగి ఉంటుంది. 2008లో దాన్ని సరిచేసి మూడు అంశాలకే కుదించారు: జనాభా–సాంద్రత, సాధారణ రిఫరల్ ఆస్పత్రికి ప్రయాణ సమయం, పెద్ద రిఫరల్ ఆస్పత్రికి ప్రయాణ సమయం. దూరాన్ని కిలోమీటర్లలో కాక నిమిషాల్లో కొలవడం మొదటి పాఠం. ఏ ఫలితాన్ని వివరించాలనుకుంటున్నామో దాన్ని కొలతలో కలపకూడదన్నది రెండోది.

నిమిషాల పటం

ప్రయాణ సమయాన్ని ప్రపంచం మొత్తానికీ లెక్కకట్టే పని కూడా జరిగింది. మలేరియా పటాలు తయారుచేసే శాస్త్రవేత్తల బృందం 2018లో నగరాలకు, 2020లో ఆరోగ్య కేంద్రాలకు ప్రయాణ సమయాల పటాలను ప్రచురించింది. పద్ధతి ఇది: భూమిని సుమారు కిలోమీటరు గడులుగా విడగొడతారు. ప్రతి గడినీ దాటడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో నిర్ణయిస్తారు. హైవే అయితే తక్కువ, మట్టిబాట అయితే ఎక్కువ, అడవి, ఏటవాలు, నీళ్లు అయితే ఇంకా ఎక్కువ. తర్వాత ప్రతి గడి నుంచి దగ్గరి ఆస్పత్రికి అతి తక్కువ నిమిషాల దారిని కంప్యూటరు వెతుకుతుంది. బండి ఉన్నవాళ్లకూ, నడిచిపోయేవాళ్లకూ వేర్వేరు పటాలు వేశారు.

ఇలాంటి పటంలో ఉత్తర తెలంగాణను చూసేటప్పుడు పటానికి తెలియనివి మనం గుర్తుంచుకోవాలి. కెరమెరి ఘాట్ పైన ఒక కొలాం గూడెంలో రాత్రిపూట గర్భిణికి నొప్పులు మొదలయ్యాయనుకుందాం. ముందు ఆశా కార్యకర్తకు కబురు వెళ్లాలి. 108కి ఫోన్ చేయాలంటే సిగ్నల్ దొరికే చోటికి ఎవరో ఒకరు పోవాలి. అంబులెన్సు గూడెం దాకా రాలేకపోతే, మంచానికి కర్రలు కట్టి మోసుకుంటూ రోడ్డు దాకా తీసుకురావాలి. వానాకాలమైతే మధ్యలో వాగు తగ్గేదాకా ఆగాలి. అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అక్కడ కాదంటే ఉట్నూరు, అక్కడా కాదంటే యాభై కిలోమీటర్లకు పైనున్న ఆదిలాబాద్ రిమ్స్. పటం లెక్కించేది ఇందులో బండి కదిలిన నిమిషాలనే. కబురు చేరిన నిమిషాలు, బండి కోసం ఎదురుచూసిన నిమిషాలు, వాగు ఒడ్డున కూర్చున్న గంటలు అందులో ఉండవు.

ప్రసూతి మరణాలపై పనిచేసేవాళ్లు ఈ ఆలస్యాన్ని మూడు ముక్కలుగా చూస్తారు. థాడియస్, మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో చేసిన విభజన ఇది: ఆస్పత్రికి పోవాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యం, చేరుకోవడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. దూరం రెండో ముక్కలో మాత్రమే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ మూడింటిలోనూ ఉంటుంది. ఆస్పత్రి దూరమని తెలిసినప్పుడు పోదామన్న నిర్ణయమే ఆలస్యమవుతుంది. గోండి, కొలామీ తప్ప తెలుగు సరిగ్గా రాని పెద్దవాళ్లకు, తమ మాట అర్థం చేసుకునే నర్సు లేని ఆస్పత్రి దూరం మరింత ఎక్కువ.

చేరాల్సిన చోటు కూడా మారుతూ ఉంటుంది. ఉమ్మడి ఆదిలాబాద్‌కు 2008లో రిమ్స్ వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో ఆసిఫాబాద్, నిర్మల్, కరీంనగర్, సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పటం మీద వైద్య కళాశాలకు దూరం రెండేళ్లలోనే ఎంతో తగ్గిపోయింది. ఇది నిజంగా పెద్ద మార్పు. పరిశోధకులు మాత్రం భవనం దాకా దూరంతో ఆగకూడదు. సిజేరియన్ చేయగల వైద్యురాలు, మత్తు డాక్టరు, రక్తం, ఈ మూడూ ఆ రాత్రి సిద్ధంగా ఉండే దగ్గరి చోటు ఏదో కనుక్కుని అక్కడికి దూరం కొలవాలి.

సర్వేలో జారిపోయే గూడేలు

మంచి కొలత తయారుచేసుకున్నా, దాన్ని అన్వయించడానికి సమాచారం కావాలి. మన సమాచారంలో మారుమూల ఊళ్లు తెలియకుండానే జారిపోయే చోట్లు కొన్నున్నాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణలో 27 వేలకు పైగా ఇళ్లను అడిగారు. 31 జిల్లాలకు పంచితే జిల్లాకు తొమ్మిది వందల లోపు. ఎంపికైన ఒక్కో చోట 22 ఇళ్లను తీసుకుంటారు. అంటే ఒక జిల్లాలో నలభై చోట్ల సమాచారం. జిల్లా సగటు చెప్పడానికి అది చాలు. గుట్టల మీది గూడేలను విడిగా చెప్పడానికి చాలదు. పైగా 40 ఇళ్ల కన్నా తక్కువున్న ఊరిని పక్క ఊరితో కలిపి ఒక నమూనాగా తీసుకుంటారు. సర్వే చేసేవాళ్లకు అది అవసరమైన సర్దుబాటే. కానీ కొలాం గూడేలు చాలావరకు ఆ పరిమాణంలోనే ఉంటాయి.

కుటుంబాలను ఎవరూ గుర్తుపట్టకుండా ఉండాలని ఆ సర్వేలో ఊళ్ల స్థానాలను కావాలనే కొంచెం జరిపి ప్రచురిస్తారు. పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా, గ్రామాల్లో 5 కిలోమీటర్ల దాకా, కొద్ది గ్రామాల్లో 10 కిలోమీటర్ల దాకా జరపవచ్చు. గోప్యత కోసం అది సరైన పనే. ఆ స్థానం నుంచి ఆస్పత్రికి దూరం కొలిచేవాళ్లు మాత్రం ఈ సంగతి మరిచిపోతే కష్టం. గుట్టల్లో అయిదు కిలోమీటర్ల జరుగుడు ఊరిని వాగుకు ఆవలి ఒడ్డున పెట్టగలదు.

జనగణనలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. ఒక రెవెన్యూ గ్రామం కింద పెద్ద ఊరు, దాని చుట్టూ గూడేలు, తండాలు ఉంటాయి. ఊరి పక్కన ఉపకేంద్రం ఉంటే గ్రామం మొత్తానికీ ఉన్నట్టే నమోదవుతుంది. అక్కడి నుంచి గూడానికి ఎంత దూరమో పట్టికలో ఉండదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో ఎన్నో తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. గ్రామ పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. పాలనలో వాటికి పేరు వచ్చినట్టే ఆరోగ్య సమాచారంలోనూ రావాలి.

ఇంకో జారుడు జనన మరణాల నమోదులో ఉంది. 1969 చట్టం ప్రకారం పుట్టుక గానీ చావు గానీ జరిగిన చోటే నమోదవుతుంది. మారుమూల ఊరి బాలింత కరీంనగర్ ఆస్పత్రిలో చనిపోతే ఆ మరణం కరీంనగర్ పట్టణం ఖాతాలో పడుతుంది. నివాసం ఊరు ఏదో వేరు చేసి చూడకపోతే పట్టణం ప్రమాదకరంగా, పల్లె సురక్షితంగా కనిపిస్తుంది.

చివరిది సరిహద్దు. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు. నాగ్‌పూర్ అంతకన్నా చాలా దగ్గర. పెన్‌గంగ దాటి యవత్‌మాల్, నాగ్‌పూర్ ఆస్పత్రులకు పోవడం అక్కడి వాళ్లకు అలవాటే. తెలంగాణ ఆస్పత్రులను మాత్రమే చుక్కలుగా పెట్టిన పటం ఆ ఊళ్లను ఉన్నదానికన్నా మారుమూలగా చూపిస్తుంది. రాష్ట్రం హద్దు రోగికి అడ్డం కాదు, ఆరోగ్య బీమా కార్డుకు మాత్రం కావచ్చు. అందుకే రెండు దూరాలూ కొలవాలి.

ఒకే రాష్ట్రంలో రెండు రకాల కష్టాలు

ఇంత జాగ్రత్త ఎందుకో ఒక్క ఉదాహరణతో తేలిపోతుంది. అయిదో కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశ సగటు 21.5 శాతం. తెలంగాణ పట్టణాలకూ పల్లెలకూ మధ్య తేడా చూస్తే పది పాయింట్లు కూడా లేదు. గ్రామం–పట్టణం గడితో చూసినవాళ్లు, ఈ విషయంలో గ్రామీణతకు పెద్ద ప్రమేయం లేదని తేల్చేయవచ్చు. జిల్లాల వారీగా చూస్తే కరీంనగర్ 80 శాతం దాటి దేశంలోనే మొదటి వరసలో ఉంది. కుమురం భీం ఆసిఫాబాద్‌లో అందులో సగం కూడా లేదు. రెండూ చాలావరకు గ్రామీణ జిల్లాలే.

కరీంనగర్‌లో ఆస్పత్రి చేరువైనకొద్దీ అవసరం లేని కోత పెరిగింది. జనాభాలో సిజేరియన్లు 10 శాతం దాటాక వాటి వల్ల తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గుతున్న దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆసిఫాబాద్ సగటు కూడా ఆ అంకె కన్నా ఎక్కువే. కాని ఆ సగటు కాగజ్‌నగర్ పట్టణాన్నీ తిర్యాణి గుట్టలనూ కలిపిన సగటు. కోత నిజంగా అవసరమైన గూడెం తల్లికి అది సమయానికి అందిందో లేదో దానిలో కనబడదు. ఒకచోట అనవసరమైన ఆపరేషన్లను ఆపాలి, ఇంకోచోట అవసరమైన ఆపరేషన్‌కు దారి వేయాలి. గ్రామీణ తెలంగాణ అని ఒకే పేరు పెట్టి ఒకే మందు రాస్తే రెండు చోట్లా తప్పవుతుంది.

మనకు కావలసిన కొలత

పై పాఠాలన్నీ కలిపి చూస్తే ఉత్తర తెలంగాణకు పనికొచ్చే కొలత ఎలా ఉండాలో స్పష్టంగానే కనిపిస్తుంది.

అది జిల్లా స్థాయిలోనో మండల స్థాయిలోనో ఆగకుండా ఆవాసం దాకా పోవాలి. గూడెం, తండా, పెద్ద ఊరు వేర్వేరుగా ఉండాలి. ఉపకేంద్రానికి, రాత్రిపూట కాన్పు చేసే కేంద్రానికి, సిజేరియన్ చేసే ఆస్పత్రికి, పెద్ద ఆస్పత్రికి దూరాన్ని నిమిషాల్లో విడివిడిగా చెప్పాలి. ఈ అంకెలను ఒకే సూచికగా కలిపేసేముందు విడిగా ప్రచురించాలి. టీకాల గురించి అడిగేవాళ్లకు మొదటి అంకె కావాలి, పక్షవాతం గురించి అడిగేవాళ్లకు చివరి అంకె కావాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ నిమిషాలను రెండుసార్లు కొలవాలి: వేసవిలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి. ఏటా జ్వరాలు, విరేచనాలు ఏజెన్సీని పీడించేది వానాకాలంలోనే. వాగులు పొంగేదీ అప్పుడే. వేసవిలో కొలిచిన దూరంతో వానాకాలపు జబ్బులను వివరించబోతే దూరానికి ప్రమేయమే లేదన్న తప్పుడు ఫలితం వచ్చే ప్రమాదం ఉంది.

దీనికి సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. జనగణన గ్రామ పట్టికల్లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరోగ్య కేంద్రం 5 కిలోమీటర్ల లోపు ఉందా, 5–10 మధ్య ఉందా, 10 దాటి ఉందా అన్నది 2011లోనే నమోదైంది. 108 వాహనాలు తెలుగు నేల మీద 2005 నుంచి తిరుగుతున్నాయి. ఫోన్ వచ్చిన సమయం, బండి చేరిన సమయం, ఆస్పత్రికి చేర్చిన సమయం వాటి రికార్డుల్లో ఉంటాయి. ఊరి పేరు తప్ప మనిషి వివరాలేవీ లేకుండా ఆ సమయాలను పరిశోధకులకు అందిస్తే, ఏ ఉపగ్రహ పటమూ చెప్పలేని నిజం బయటికి వస్తుంది. ప్రతి గూడెంలోనూ వాగు ఎన్ని రోజులు దారి మూసేసిందో ఆశా కార్యకర్తకు తెలుసు. ఆమె రిజిస్టరులో దానికి ఒక గడి కేటాయిస్తే చాలు.

తదుపరి జనగణనకు 2027 మార్చి 1 ప్రామాణిక తేదీ. అది డిజిటల్ పద్ధతిలో జరగబోతోంది. ఆ తర్వాత పదేళ్లపాటు ఆరోగ్య పరిశోధనలన్నీ ఆ పట్టికల మీదే నిలబడతాయి. ఆవాసాల వారీగా ఆరోగ్య సౌకర్యాల దూరాలను అందులో విడిగా ఇవ్వాలని రాష్ట్ర ఆరోగ్య శాఖ, ఉట్నూరు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), కొత్త వైద్య కళాశాలల సామాజిక వైద్య విభాగాలు ఇప్పుడే కలిసి అడగాలి. పరిశోధకులు తమ పత్రాల్లో గ్రామీణ అన్న చోటల్లా ఏ నిర్వచనంతో, ఏ స్థాయిలో, ఏ నెలలో కొలిచారో రాయాలి. ఈ వ్యాసం చదువుతున్న సర్పంచులు, కార్యదర్శులు, ఉపాధ్యాయులు ఈ వానాకాలంలో మీ ఊరి నుంచి సిజేరియన్ చేసే దగ్గరి ఆస్పత్రికి ఎంతసేపు పట్టిందో తేదీతో సహా రాసిపెట్టి మీ ఆరోగ్య కేంద్రానికి ఇవ్వండి. మీ ఊరు ఎంత దూరాన ఉందో చెప్పే మొదటి నమ్మకమైన అంకె అదే అవుతుంది.